మొదటిసారి డెస్క్‌టాప్ బిగిస్తున్నాను: నాలుగు ఫ్యాన్లు, బోర్డు మీద రెండే హెడర్లు – వైర్లు ఎలా కలపాలి?

సుబేదారి చౌరస్తా (హనుమకొండ)

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో విడిభాగాలన్నీ కొని తెచ్చుకున్నాను. దుకాణంలోనే బిగించి ఇస్తామన్నారు గానీ, నా చేత్తో నేనే బిగించుకోవాలన్న పట్టుదలతో డబ్బాలు విప్పకుండా ఇంటికి తెచ్చాను. ప్రాసెసర్ రైజెన్ 5 5600, దానితోపాటు వచ్చిన కూలర్‌నే వాడతాను. మదర్‌బోర్డు బి550 చిప్‌సెట్ ఉన్న చిన్న సైజుది. అన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ 650 వాట్లది, కొన్ని కేబుళ్లు ఊడదీయగలిగే రకం. గ్రాఫిక్స్ కార్డుకు 8 పిన్నుల పవర్ సాకెట్ ఒకటి ఉంది. ప్రాసెసర్, ర్యామ్, కూలర్ బిగించడం వరకు నాకు ధైర్యంగానే ఉంది. అనుమానాలన్నీ క్యాబినెట్ వైర్ల దగ్గర మొదలవుతున్నాయి.

క్యాబినెట్‌లో ముందువైపు మూడు, వెనకవైపు ఒకటి చొప్పున 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు కంపెనీవాళ్లే బిగించి ఇచ్చారు. ఒక్కొక్క ఫ్యాను నుంచి రెండేసి వైర్లు వస్తున్నాయి. ఒకదాని చివర మూడు రంధ్రాల కనెక్టర్ ఉంది. రెండోది లైట్లదని అనుకుంటున్నాను. దానిలో నాలుగు స్థానాలు ఉండి, వాటిలో ఒకటి మూసి ఉంది. బోర్డు మీద చూస్తే ప్రాసెసర్ ఫ్యానుకు ఒకటి, క్యాబినెట్ ఫ్యాన్లకు రెండు హెడర్లు (కనెక్టర్‌ను తొడిగే పిన్నుల వరుసలు) మాత్రమే ఉన్నాయి, అవన్నీ నాలుగు పిన్నులవి. లైట్లకు మూడు పిన్నుల హెడర్ ఒకటి, నాలుగు పిన్నుల హెడర్ ఒకటి ఉన్నాయి. మూడు రంధ్రాల కనెక్టర్‌ను నాలుగు పిన్నుల మీద పెట్టవచ్చా? నాలుగు ఫ్యాన్లను రెండు హెడర్లకు ఎలా పంచాలి? లైట్ల వైరు ఏ హెడర్‌కు పోవాలి?

పాత స్క్రూడ్రైవర్ (కాజీపేట)

మూడు రంధ్రాల కనెక్టర్ నాలుగు పిన్నుల హెడర్ మీద నిశ్చింతగా కూర్చుంటుంది. ఆ రెండింటినీ అందుకు అనువుగానే రూపొందించారు. మూడు పిన్నుల ఫ్యానులో ఒక వైరు గ్రౌండు, ఒకటి 12 వోల్టులు, మూడోది ఫ్యాను ఎంత వేగంగా తిరుగుతున్నదో బోర్డుకు చెప్పేది. నాలుగు పిన్నుల ఫ్యానుకు అదనంగా ఇంకొక వైరు ఉంటుంది, బోర్డు ఆ వైరు మీద పంపే సంకేతాన్ని బట్టి ఫ్యాను తన వేగాన్ని మార్చుకుంటుంది. మీ ఫ్యాన్లకు ఆ నాలుగో వైరు లేదు కాబట్టి, వాటికి వెళ్లే వోల్టేజీని తగ్గించడం తప్ప వేగం తగ్గించే మార్గం వేరే లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మొదటిసారి ఆన్ చేసిన తర్వాత అవసరం పడుతుంది. కనెక్టర్‌కు ఒక పక్కన ఉన్న రెండు గాట్లు హెడర్ మీది ప్లాస్టిక్ నాలుకకు సరిపోయేటట్టు పెట్టాలి. అప్పుడు నాలుగో పిన్ను ఒక్కటే ఖాళీగా బయట మిగులుతుంది, మిగలాలి కూడా.

ఇక పంపకం సంగతి. మూడు ఫ్యాన్లను ఒకే హెడర్‌కు కలిపే స్ప్లిటర్ కేబుల్ తక్కువ ధరకే దొరుకుతుంది. అయితే కొనేముందు ఫ్యాను నడుమ ఉన్న గుండ్రటి స్టిక్కర్ మీద ఆంపియర్లు ఎన్ని రాసి ఉన్నాయో చదవండి. సాధారణ బోర్డుల్లో ఒక్కొక్క హెడర్ 1 ఆంపియర్, అంటే 12 వాట్లు ఇవ్వగలదు. కొన్ని బోర్డుల్లో ఒకటి రెండు హెడర్లు 2 ఆంపియర్ల దాకా ఇస్తాయి, ఆ సంగతి బోర్డుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ముందున్న మూడు ఫ్యాన్ల ఆంపియర్లు కూడితే 1 లోపు, అందులోనూ కొంత మిగులుతో ఉంటే, ఆ మూడింటినీ ఒక హెడర్‌కు, వెనక ఫ్యానును రెండో హెడర్‌కు కలపండి. ముందు ఫ్యాన్ల వేగాన్నీ వెనక ఫ్యాను వేగాన్నీ విడివిడిగా పెట్టుకోవచ్చు కాబట్టి ఈ పంపకం నాకు ఇష్టం. కూడిక 1 దాటితే మాత్రం, హార్డ్ డిస్క్‌కు వాడే సాటా పవర్ కేబుల్ ద్వారా ఎస్ఎంపీఎస్ నుంచే నేరుగా కరెంటు తీసుకునే ఫ్యాన్ హబ్ కొనడం మంచిది.

ప్రాసెసర్ కూలర్ వైరును మాత్రం సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న హెడర్‌కే ఇవ్వండి. అక్కడ ఏ ఫ్యానూ తిరుగుతున్నట్టు కనిపించకపోతే చాలా బోర్డులు ఫ్యాను లోపమని తెర మీద చూపించి ఆగిపోతాయి.

లైట్ల విషయంలో తొందరపడకండి. మీ ఫ్యాన్లవి 5 వోల్టుల రకం, ఒకటి మూసి ఉన్న ఆ కనెక్టరే దానికి గుర్తు. బోర్డు మీద మూడు పిన్నులున్న హెడరే దీనిది. నాలుగు పిన్నుల హెడర్ 12 వోల్టులది, పాత రకం లైట్లకు పనికివస్తుంది. ఎలాగో ఒత్తి 5 వోల్టుల లైట్లను 12 వోల్టుల పిన్నుల మీద పెట్టిన వాళ్ల ఫ్యాన్లు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గానీ లైట్లు మళ్లీ వెలగవు.

సుబేదారి చౌరస్తా (హనుమకొండ)

చాలా స్పష్టంగా చెప్పారు అన్నా. స్టిక్కర్ మీద 0.18 ఆంపియర్లని ఉంది. మూడింటికి కలిపి 0.54 అవుతుంది కాబట్టి స్ప్లిటరే తీసుకుంటాను. హనుమకొండలోనే దొరికింది.

ఇప్పుడు ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్నటి వైర్ల గురించి అడుగుతాను. పవర్ స్విచ్, రీసెట్ స్విచ్, హార్డ్ డిస్క్ లైటు, పవర్ లైటు అని చిన్న చిన్న కనెక్టర్లు ఉన్నాయి. వాటికి తోడు యూఎస్బీవి రెండు, ఆడియోది ఒకటి వచ్చాయి. పవర్ లైటు కనెక్టర్ ఒక్కటి మాత్రం మూడు స్థానాల వెడల్పుతో ఉండి, నడుమ స్థానంలో వైరు లేకుండా ఉంది. బోర్డు మీద దానికి పక్కపక్కనే ఉన్న రెండు పిన్నులే కనిపిస్తున్నాయి. అది ఎలా కూర్చుంటుంది?

నక్కలగుట్ట నివాసి (హనుమకొండ)

ఆ మూడు స్థానాల కనెక్టర్ పాత బోర్డుల కాలం నుంచి వస్తున్నది, దానితో ఇబ్బంది పడని వాళ్లు తక్కువ. కనెక్టర్ పక్కన చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది, దాన్ని గుండుసూదితో కొంచెం పైకి లేపి వైరును మెల్లగా వెనక్కి లాగితే లోపలి లోహపు ముక్కతో సహా బయటికి వస్తుంది. దాన్ని నడుమ స్థానంలోకి జరిపి, రెక్క మళ్లీ కిందికి దిగేదాకా నెట్టండి. ఇప్పుడు రెండు వైర్లూ పక్కపక్కకు వస్తాయి. బోర్డు పుస్తకంలో పవర్ లైటుకు వేరుగా మూడు పిన్నుల హెడర్ కూడా ఉన్నట్టు చూపిస్తే ఈ శ్రమ కూడా అక్కర్లేదు.

మిగతా వాటి గురించి చెప్పాలంటే, స్విచ్‌లకు ప్లస్సు, మైనస్సు పట్టింపు లేదు. పవర్ బటన్ చేసే పని రెండు పిన్నులను ఒక్క క్షణం కలపడమే కాబట్టి ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. లైట్లకు మాత్రం దిక్కు ఉంది. తిప్పి పెడితే వెలగవు, అంతకుమించి ప్రమాదం లేదు, మళ్లీ తీసి తిప్పి పెట్టుకోవచ్చు. బోర్డుకు ఎదురుగా నిలబడి తల వంచి చూస్తే అక్షరాలు కనిపించవు కాబట్టి, పుస్తకంలోని ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి, పెద్దది చేసి పక్కన పెట్టుకోండి. చాలా బోర్డుల్లో ఈ హెడర్ 9 పిన్నులతో ఉంటుంది. ఖాళీ మూల కుడి చివరన వచ్చేటట్టు చూసినప్పుడు, ఖాళీ ఉన్న వరుసలో ఎడమ చివరి రెండు పిన్నులు పవర్ లైటువి, వాటి పక్క రెండు పవర్ స్విచ్‌వి. రెండో వరుసలో ఎడమ చివరి రెండు హార్డ్ డిస్క్ లైటువి, తర్వాతి రెండు రీసెట్‌వి. అయినా మీ పుస్తకం చెప్పిందే చివరి మాటగా తీసుకోండి.

యూఎస్బీ 2, ఆడియో కనెక్టర్లు రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి. యూఎస్బీ హెడర్‌లో మూలన ఉండాల్సిన పిన్ను ఉండదు, ఆడియో హెడర్‌లో చివరి నుంచి రెండో చోట పిన్ను ఉండదు. కనెక్టర్‌లో మూసి ఉన్న రంధ్రం ఆ ఖాళీకి ఎదురుగా రావాలి. యూఎస్బీ 3 కనెక్టర్ పెద్దది, దాని కేబుల్ దళసరిగా, బిరుసుగా ఉంటుంది. దాన్ని వంకరగా పెట్టి ఒత్తితే బోర్డు మీది పిన్నులు వంగిపోతాయి, ఆ పిన్నులను మళ్లీ నిలబెట్టడం చాలా కష్టం. నేనైతే దాన్ని అన్నిటికంటే ముందు, చేతులు ఫ్రెష్‌గా ఉన్నప్పుడే పెడతాను.

పాత స్క్రూడ్రైవర్ (కాజీపేట)

నక్కలగుట్ట గారు చెప్పినదంతా సరైనది. పెద్ద కేబుళ్ల గురించి కూడా ఈ సందర్భంలోనే చెప్పేస్తాను, ఎందుకంటే మొదటిసారి బిగించిన వాళ్లు ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ తెర మీద బొమ్మ రావడం లేదని వచ్చినప్పుడు కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. 24 పిన్నుల కేబుల్‌ను ఎవరూ మరిచిపోరు. బోర్డు పైన ఎడమ మూలన ప్రాసెసర్ కోసం ఉన్న 8 పిన్నుల కనెక్టర్‌ను మరిచిపోతారు. అది లేకపోయినా ఫ్యాన్లు, లైట్లు చక్కగా నడుస్తాయి కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. ప్రాసెసర్‌కు మాత్రం కరెంటు ఉండదు. బోర్డును క్యాబినెట్‌లో బిగించకముందే ఈ కేబుల్‌ను వెనక సందులోంచి ఆ మూలకు లాగి ఉంచండి. బోర్డు, కూలర్ బిగించిన తర్వాత అక్కడ వేళ్లు పట్టవు.

గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లేదీ 8 పిన్నులదే గానీ అది 6, 2 గా విడిపోతుంది. ప్రాసెసర్‌ది 4, 4 గా విడిపోతుంది. రంధ్రాల ఆకారాలు వేరు కాబట్టి మామూలు బలంతో ఒకదానిలో ఒకటి దూరవు. దూరడం లేదంటే బలం చాలలేదని కాదు, కేబుల్ మారిందని అర్థం చేసుకోవాలి.

మీ ఎస్ఎంపీఎస్ కేబుళ్లు ఊడదీయగలిగే రకం కాబట్టి ఒక కఠినమైన నియమం చెప్తాను. ఈ డబ్బాలో వచ్చిన కేబుళ్లు తప్ప, స్నేహితుడి దగ్గర మిగిలిన కేబుల్ గానీ, పాత ఎస్ఎంపీఎస్ కేబుల్ గానీ ఎన్నటికీ వాడకండి. బోర్డు వైపు కొస అన్ని కంపెనీలకూ ఒకటే అయినా, ఎస్ఎంపీఎస్ వైపు కొసలో ఏ పిన్నుకు ఏ వోల్టేజీ అనేది ఒక్కొక్క కంపెనీ, కొన్నిసార్లు ఒకే కంపెనీలో ఒక్కొక్క మోడల్, తనకు నచ్చినట్టు పెట్టుకుంటుంది. సరిగ్గా కూర్చున్న కేబులే హార్డ్ డిస్క్‌కు 5 వోల్టుల చోట 12 వోల్టులు పంపగలదు.

ఇంకొకటి, మీ ప్రాసెసర్‌లో బొమ్మ చూపించే భాగం లేదు. మానిటర్ కేబుల్‌ను బోర్డు వెనక ఉన్న సాకెట్‌కు ఇస్తే ఏమీ కనిపించదు, గ్రాఫిక్స్ కార్డుకే ఇవ్వాలి.

జమ్మికుంట పత్తి (జమ్మికుంట)

వైర్ల సంగతి అందరూ చెప్పారు కాబట్టి నేను గాలి సంగతి చెప్తాను. వైరు సరిగ్గా పెట్టిన ఫ్యాను తప్పు దిక్కుకు గాలి కొడితే ఉపయోగం లేదు. కంపెనీవాళ్లు బిగించినదే అయినా ఒకసారి చూసుకోండి. ఫ్యానుకు ఒకవైపు రెక్కలు తెరిచినట్టు కనిపిస్తాయి, రెండోవైపు మోటారును పట్టుకునే ప్లాస్టిక్ కడ్డీలు అడ్డంగా ఉంటాయి. గాలి తెరిచిన వైపు నుంచి లోపలికి వచ్చి, కడ్డీలున్న వైపు బయటికి పోతుంది. ముందు ఫ్యాన్లలో కడ్డీలు క్యాబినెట్ లోపలికి, వెనక ఫ్యానులో కడ్డీలు క్యాబినెట్ బయటికి చూడాలి.

మూడు ఫ్యాన్లు లోపలికి తోసి ఒకటే బయటికి తోయడం సమతూకం లేనట్టు కనిపించినా, మన దగ్గర అదే మంచిదని నా అభిప్రాయం. లోపలికి వచ్చే గాలి ఎక్కువైతే మిగిలినది క్యాబినెట్‌లో ఉన్న ప్రతి సందులోంచీ బయటికే పోతుంది, ఆ సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు. వచ్చే గాలి అంతా ముందున్న జాలి గుండానే రావాలి, జాలిని మనం కడుక్కోవచ్చు. బయటికి తోసేది ఎక్కువైతే, గ్రాఫిక్స్ కార్డు పక్కనున్న చీలికల నుంచీ యూఎస్బీ రంధ్రాల నుంచీ గాలి లోపలికి ఈడ్చుకుపోతుంది, వాటికి జాలి ఉండదు.

అయితే మా ఊళ్లో మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలైన తర్వాత, జిన్నింగు మిల్లుల దగ్గర ఉన్న ఇళ్లలో సంగతి వేరు. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఉన్న వాళ్లకూ ఇది తెలిసే ఉంటుంది. గాలిలో తేలే పత్తి నూగు మామూలు దుమ్ములా జాలి రంధ్రాల్లోంచి జారిపోదు, జాలి మీదనే పొరగా పేరుకుంటుంది. పొర దళసరి అయ్యేకొద్దీ ముందు ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి గానీ గాలి రాదు. వెనక ఫ్యాను మాత్రం బయటికి తోస్తూనే ఉంటుంది. అంటే మనం కష్టపడి ఏర్పాటు చేసుకున్న లెక్క తలకిందులై, దుమ్ము వెనక చీలికల నుంచి వచ్చిపడుతుంది. ఫ్యాన్ల వేగం మానిటర్‌లో సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని చెప్పదు. పత్తి రోజుల్లో జాలి మీద అరచేయి పెట్టి, గాలి లాగుతున్నదో లేదో చూసుకోవడమే మార్గం.

మంచిర్యాల మేడ (మంచిర్యాల)

ఇంత లెక్క అవసరమా అని నాకు అనిపిస్తున్నది. ఎండాకాలం మా దగ్గర మేడ మీద గదిలో కూర్చోలేము. నేను క్యాబినెట్ పక్క తలుపు తీసేసి, టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి పెడతాను, ఉష్ణోగ్రత వెంటనే తగ్గుతుంది. మరీ ఎక్కువగా ఉంటే నీళ్ల కూలర్‌ను అటు తిప్పుతాను. నాలుగు ఫ్యాన్లు, స్ప్లిటర్, హబ్ అని డబ్బులు పెట్టేకంటే ఇది సులువైన మార్గం కాదా?

పాత స్క్రూడ్రైవర్ (కాజీపేట)

తగ్గుతుంది, కాదనను. ఎంత తగ్గుతుందో లెక్క చూద్దాం. ఆట ఆడుతున్నప్పుడు ఇటువంటి కంప్యూటర్ 300 వాట్ల వేడి వెదజల్లుతుందనుకోండి. నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి క్యాబినెట్‌లోంచి ప్రవహిస్తే, బయటికి వచ్చే గాలి గది గాలికంటే సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. గాలి 100 ఘనపుటడుగులైతే ఆ తేడా 5 డిగ్రీలకు పడిపోతుంది. అంటే సరిగ్గా బిగించిన ఫ్యాన్లున్న క్యాబినెట్‌లో, తలుపు తీసినందువల్ల మీకు మిగిలేది ఆ కొద్ది డిగ్రీలలో ఒక భాగం మాత్రమే. ఆ తలుపు తీస్తేనే చాలా తగ్గుతున్నదంటే మీ క్యాబినెట్‌లో గాలి ఆడడం లేదని అర్థం, వెతకాల్సింది అక్కడ.

గది వేడిని ఏ ఫ్యానూ తగ్గించలేదు. శీతాకాలంలో 20 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 65 డిగ్రీలు చూపిస్తే, అదే పని మే నెలలో 40 డిగ్రీల గదిలో చేసినప్పుడు 85 దగ్గరకు చేరుతుంది. రైజెన్ 5 5600 కు గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు, అక్కడికి చేరితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆన్ చేయగానే భయపడాల్సిందేమీ లేదు గానీ, ఎండాకాలానికి మిగులు ఎంత ఉందో శీతాకాలంలోనే చూసుకోవడం తెలివైన పని.

నీళ్ల కూలర్ మాత్రం వద్దండీ. అది గాలితోపాటు సన్నని తుంపరలనూ నీటిలోని ఉప్పునూ మోసుకొస్తుంది, మూసిన గదిలో తేమ విపరీతంగా పెరుగుతుంది. దుమ్ము, తేమ కలిసి బోర్డు మీద పొరగా అంటుకుంటే ఊదినా పోదు. గదిలో కూలర్ నడుపుకోండి, కిటికీ తెరిచి ఉంచండి, కంప్యూటర్‌కు ఎదురుగా మాత్రం పెట్టకండి.

మంచిర్యాల మేడ (మంచిర్యాల)

కూలర్ మాట ఒప్పుకుంటాను. పక్క తలుపు విషయంలో మాత్రం నా అనుభవం నాదే. మా మేడ మీద పత్తి నూగు రాదు.

రామగుండం రాత్రి షిఫ్టు (గోదావరిఖని)

ఎవరూ గోడ వైపు చూడనందుకు ఆశ్చర్యపడి రాస్తున్నాను. నేను కరెంటు పనిలో ఉన్నవాణ్ణి. కంప్యూటర్ లోపలి వైర్లు ఎంత చక్కగా పెట్టినా, గోడలోని సాకెట్‌కు ఎర్తు లేకపోతే పని సగమే అయినట్టు.

ఎస్ఎంపీఎస్ లోపల ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. విద్యుత్ రొదను ఎర్తులోకి పంపేయడం వాటి పని. ఎర్తు వైరు నిజంగా ఉంటే ఆ స్వల్ప కరెంటు భూమిలోకి పోతుంది, మనకు తెలియనే తెలియదు. ఎర్తు లేకపోతే బాడీ ఆ రెంటికీ నడుమ వేలాడి, 230 వోల్టులలో సగం, అంటే దాదాపు 115 వోల్టుల దగ్గర నిలుస్తుంది. కరెంటు చాలా స్వల్పం కాబట్టి ప్రాణం తీయదు గానీ, వట్టి కాళ్లతో నేల మీద నిలబడి క్యాబినెట్‌ను ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. కంప్యూటర్ చెడిపోయిందని అప్పుడు దుకాణానికి పరుగెత్తుతారు. కంప్యూటర్‌లో తప్పేమీ ఉండదు.

పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా, పై రంధ్రం వెనక వైరే ఉండకపోవచ్చు. మల్టీమీటర్ ఉంటే ఫేజుకూ ఎర్తుకూ నడుమ చూడండి. అక్కడ ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ ఉన్నంత వోల్టేజీ చూపించాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ నడుమ కొద్ది వోల్టులకంటే ఎక్కువ ఉండకూడదు. మీటర్ వాడే అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. కొందరు పని సులువుగా ముగించడానికి సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకు చిన్న వైరు ముక్క కలుపుతారు. దాన్ని మాత్రం ఒప్పుకోవద్దు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కంప్యూటర్ బాడీ మొత్తానికి నిండు ఫేజు వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులకు మార్చే అడాప్టర్లు కూడా ఇంట్లో ఉంచకండి.

సుబేదారి చౌరస్తా (హనుమకొండ)

రామగుండం గారూ, మీరు రాసింది చదివి మా ఇంట్లో చూపించాను. మా గదిలోని సాకెట్ వెనక ఎర్తు వైరు లేదు, హాల్లోని సాకెట్‌కు ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి గదికి కూడా వైరు లాగిపోయాడు.

బిగింపు పూర్తయింది, మొదటిసారికే తెర వెలిగింది, అందరికీ కృతజ్ఞతలు. ఫ్యాన్ల దిక్కులు సరిగ్గానే ఉన్నాయి. ఇప్పుడు రెండు సంగతులు మిగిలాయి. ఏమీ చేయకుండా ఊరికే ఉంచినా నాలుగు క్యాబినెట్ ఫ్యాన్లూ నిండు వేగంతో తిరుగుతూ హోరెత్తిస్తున్నాయి. ప్రాసెసర్ ఫ్యాను కూడా నిమిషానికి నాలుగైదుసార్లు ఒక్కసారిగా పెరిగి మళ్లీ తగ్గుతున్నది. అదీగాక, ముందు మూడు ఫ్యాన్లున్నా బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఒక్క ఫ్యాను వేగమే కనిపిస్తున్నది.

పాత స్క్రూడ్రైవర్ (కాజీపేట)

మొదట గుర్తుంచుకోమన్న మాటకు ఇప్పుడు వచ్చాము. బోర్డు ఆ హెడర్లను నాలుగు పిన్నుల పద్ధతిలో నడుపుతున్నది. ఆ పద్ధతిలో 12 వోల్టులు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి, వేగం తగ్గించమన్న సంకేతం నాలుగో వైరు మీద వెళ్తుంది. మీ ఫ్యాన్లకు ఆ వైరు లేదు కాబట్టి అవి వినడం లేదు. బయాస్‌లో ఫ్యాన్ల పేజీకి వెళ్లి, ఆ రెండు హెడర్లనూ పీడబ్ల్యూఎం (ఈ నాలుగు పిన్నుల పద్ధతి) నుంచి డీసీకి (వోల్టేజీతో వేగం మార్చే పద్ధతి) మార్చండి. ఆటో అని ఉన్నా కొన్నిసార్లు బోర్డు సరిగ్గా గుర్తుపట్టదు, మీరే చెప్పాలి. అప్పుడు బోర్డు వోల్టేజీని తగ్గిస్తుంది, వేగం తగ్గుతుంది. మరీ కిందికి దించితే కొన్ని ఫ్యాన్లు ఆగిపోతాయి లేదా ఆగిన చోటు నుంచి మళ్లీ కదలవు, కాబట్టి కనీస వేగాన్ని మెల్లగా తగ్గిస్తూ, ప్రతిసారీ పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేసి, అన్నీ కదులుతున్నాయో లేదో కళ్లతో చూడండి.

ఒక్క వేగమే కనిపించడం లోపం కాదు. స్ప్లిటర్‌ను గమనిస్తే ఒక్క కొసకే మూడు వైర్లు ఉంటాయి, మిగతా రెంటికీ రెండేసి ఉంటాయి. మూడు ఫ్యాన్ల వేగాలు ఒకే వైరు మీద వస్తే బోర్డుకు అర్థం కాదు కాబట్టి ఒకదాన్నే పంపుతారు. అంటే మిగతా రెండింటిలో ఒకటి ఆగిపోయినా బయాస్ చెప్పదు, ఆ సంగతి మనసులో ఉంచుకోండి.

ప్రాసెసర్ ఫ్యాను ఎగిరిపడడం రైజెన్‌లలో మామూలే. చిన్న పని తగిలినా ఉష్ణోగ్రత ఒక్క క్షణం 10 డిగ్రీలు పైకి పోయి దిగుతుంది, ఫ్యాను దాని వెంట పరుగెత్తుతుంది. అదే పేజీలో వేగం పెరగడానికి పట్టే సమయాన్ని కొన్ని సెకన్లు పెంచే వీలుంటుంది. ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చూపే గీత 60 డిగ్రీల దాకా దాదాపు సమంగా, ఆ తర్వాతే ఏటవాలుగా ఉండేటట్టు కూడా మార్చుకోండి. క్యాబినెట్ ఫ్యాన్లకు ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు బదులు బోర్డు ఉష్ణోగ్రతను ఆధారంగా పెట్టుకుంటే అవి ఇంకా నెమ్మదిగా ఉంటాయి. నేనైతే అట్లా పెట్టను. ఆటలో వేడెక్కేది గ్రాఫిక్స్ కార్డు, బోర్డు ఆ వేడిని ఆలస్యంగా తెలుసుకుంటుంది.

సుబేదారి చౌరస్తా (హనుమకొండ)

డీసీకి మార్చగానే హోరు పోయింది. కనీస వేగం 40 శాతం దగ్గర పెట్టాను, అన్నీ కదులుతున్నాయి. పక్క తలుపు మూసి గంటసేపు ఆట ఆడితే ప్రాసెసర్ 71 డిగ్రీలు చూపించింది, గది 28 డిగ్రీలు ఉంది. పైన ఇంకొక ఫ్యానుకు చోటు ఉంది. ఎండాకాలం వచ్చేలోపు అది కూడా కొనమంటారా?

జమ్మికుంట పత్తి (జమ్మికుంట)

మీ లెక్క ప్రకారమే గది 40 డిగ్రీలైతే ప్రాసెసర్ 83 దగ్గర ఉంటుంది, పరిమితి లోపలే. పైన ఫ్యాను పెడితే బయటికి తోసేవి రెండవుతాయి, ముందు జాలి కొంచెం మూసుకున్నా గాలి లెక్క తిరగబడుతుంది. ఆ డబ్బుతో జాలి కడగడానికి వీలుగా ముందు ప్యానెల్ సులువుగా ఊడివస్తున్నదో లేదో చూసుకుని, ఒక మెత్తటి బ్రష్షు కొనుక్కోండి. ఊదే మిషను వాడితే ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

నక్కలగుట్ట నివాసి (హనుమకొండ)

నాదీ అదే మాట. అయితే ఆ 71 ప్రాసెసర్‌ది మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత కూడా చూసి రాయండి, పైన ఫ్యాను కావాలో అక్కర్లేదో తేల్చేది అదే.

సుబేదారి చౌరస్తా (హనుమకొండ)

అదే ఆటలో గ్రాఫిక్స్ కార్డు 68 డిగ్రీలు చూపించింది. ఫ్యాను కొనడం లేదు, బ్రష్షు కొన్నాను.